‘అన్నీ వేసెయ్’ అనే అన్నయ్యకు

అన్నయ్యా,

మీరు నన్నెప్పుడూ చూసి ఉండరు. మీ ముఖం కౌంటరు వైపు, నా ముఖం మీ వీపు వైపు. డాలస్ చుట్టుపక్కల, ఎవరి బర్గర్ వాళ్లే చెప్పి చేయించుకునే కొట్లలో, సెలవు రోజు మధ్యాహ్నం ఏ లైనులో నిలబడ్డా నా ముందు మీరే ఉంటారు. ఊరు ఫ్రిస్కో కావచ్చు, ఇర్వింగ్ కావచ్చు. చొక్కా మారుతుంది, వెంట ఉన్న వదినగారూ పిల్లలూ మారతారు, మాట మాత్రం మారదు. కౌంటర్లో ఉన్న పిల్ల “పైన ఏమేం వెయ్యమంటారు?” అంటుంది. మీరు బోర్డు వంక చూస్తారు, మళ్లీ ఆ పిల్ల వంక చూస్తారు. “ఇవన్నీ ఫ్రీయేనా?” అంటారు. ఫ్రీయే అంటుంది. “అయితే అన్నీ వేసెయ్!”

ఈ ఉత్తరం ఆ మాట గురించి. లైను ఆలస్యం గురించి కూడా కొంత ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతామని మన మీద మనమే జోకులేసుకుంటాం గానీ, మిమ్మల్ని నేను పిసినారి అనను. మీది పిసినారితనం కాదు, కంగారు. బోర్డు మీద పన్నెండో పదిహేనో పేర్లున్నాయి. అందులో సగం ఎప్పుడూ రుచి చూసినవి కావు. వెనక జనం, ముందు గబగబా ఇంగ్లీషు. ఏది వదిలేస్తే ఏం పోగొట్టుకుంటామో తెలియదు, అందుకని దేన్నీ వదలరు. ఇంతవరకు మీ మీద నాకు జాలే. కానీ ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుని రెండోసారి కొరికేసరికి బన్ను అడుగు ఊడి, టమాటా ఒళ్లో పడి, మోచేతి దాకా సాసు కారుతుంటే, “వీళ్లకి తిండి చెయ్యడం రాదు, చప్పగా తగలడింది” అంటారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. వాళ్లేం చేశారు? మీరు చెప్పిందే చేశారు.

అందరికీ తెలిసిన కొట్టు కాబట్టి ఫైవ్ గైస్ సంగతే తీసుకోండి. 1986లో వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో మురెల్ కుటుంబం మొదలుపెట్టింది. అక్కడ అదనంగా డబ్బు పుచ్చుకోకుండా బర్గర్ మీద వేసేవి 15 రకాలు. రెండున్నర లక్షలకు పైగా విధాలుగా బర్గర్ చెప్పుకోవచ్చని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ప్రకటనల్లో అంకెల్ని చూస్తే నాకు మామూలుగా అనుమానమే, ఇది మాత్రం కూర్చుని వేస్తే కుదిరింది. ఒక్కోదాన్ని వెయ్యడమో మానడమో అనుకుంటే 15 రకాలకి 32,768 దారులు. బర్గర్లేమో నాలుగు రకాలు, ప్రతిదాంట్లో పెద్దదీ చిన్నదీ, వెరసి ఎనిమిది. గుణిస్తే 2,62,144. ఇన్ని దారులు మీ ముందు పరిస్తే, మీరు వారం వారం వచ్చి అదే ఒక్కదాంట్లో నడుస్తున్నారు. అదైనా మీరు ఎంచుకున్నది కాదు, ఎంచుకోవడం తప్పించుకున్నది.

పైగా ‘అన్నీ’ అన్నా అక్కడ అన్నీ రావు. అక్కడ ‘అన్నీ’కి వాడే మాట ‘ఆల్ ది వే’, అంటే ఎనిమిది రకాలే: మయొనీజ్, లెట్యూస్, పికిల్స్, టమాటా, వేయించిన ఉల్లిపాయ, వేయించిన పుట్టగొడుగులు, కెచప్, మస్టర్డ్. పచ్చి ఉల్లిపాయ, రెలిష్, హాలపీన్యో, క్యాప్సికం, బార్బెక్యూ సాసు, స్టేక్ సాసు, హాట్ సాసు విడిగా అడగాలి. ఈ తేడా తెలియక “ఆల్ ది వే కాదమ్మా, ఆల్... ఆల్!” అని చేతులతో గాల్లో పెద్ద గుండ్రం చుట్టే వాళ్లని చూశాను. ఆ గుండ్రాన్ని కంప్యూటర్లో ఎక్కడ నొక్కాలో ఆ పిల్లకి తెలియదు.

ఇలా నచ్చినట్టు చెప్పుకునే వీలు ఈ దేశంలోనూ మొదటినుంచీ లేదు. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో లూయిస్ లంచ్ అని 1895 నాటి చిన్న కొట్టుంది. అక్కడ బర్గర్‌ని బన్నులో కూడా పెట్టరు, రెండు బ్రెడ్ టోస్టుల మధ్య పెట్టిస్తారు. చీజు, ఉల్లిపాయ, టమాటా కావాలంటే వేస్తారు. కెచప్ అడిగితే లేదంటారు, మస్టర్డ్ అడిగినా అంతే. 1948లో శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు వడివడిగా వడ్డించే పద్ధతి పెట్టినప్పుడు అందరి బర్గర్లకీ ఒకటే హంగు. వేగానికి అదే కీలకం, ఒకడు మార్పు అడిగితే వరసంతా ఆగుతుంది. ఆ ఇబ్బందినే అవకాశం చేసుకుని 1974లో బర్గర్ కింగ్ మీకు నచ్చినట్టే చేసిస్తామని ఊరూరా ప్రచారం చేసింది. ఆ తర్వాత 1980 ప్రాంతంలో ఇక్కడే, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టిన ఫడ్‌రకర్స్ ఇంకో అడుగు వేసింది. కాల్చిన మాంసం ప్యాటీని బన్నులో పెట్టి చేతికిచ్చి, అదిగో కూరగాయల బల్ల, మీరే వేసుకోండి అంది. 2003లో శాంటా మోనికాలో ది కౌంటర్ వాళ్లు కాగితం పెన్సిలు ఇచ్చి టిక్కులు పెట్టమన్నారు. నా మట్టుకు ఈ కాగితం పద్ధతి అన్నిట్లోకీ మేలు. కూర్చుని, ఆలోచించి, చెరిపి మళ్లీ రాయొచ్చు, వెనకాల నేనుండను. కాకపోతే మీరు ఆ కాగితాన్ని కూడా ఓటర్ల జాబితాలా చూసి ఏ ఒక్క పేరూ గల్లంతవకుండా టిక్కులు కొడతారేమోనని నా భయం.

ఇంతకీ అన్నీ వేస్తే ఏమవుతుంది? ముందు నీళ్లవుతుంది. అమెరికాలో వాడే ఆ తెల్లటి ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నూటికి 96 పాళ్లు నీళ్లే. టమాటాలో 95 దాకా. వేయించిన పుట్టగొడుగుల్లో మిగిలిన తడి, పికిల్స్ వెంట వచ్చే వెనిగర్, నాలుగు సాసులు. వీటన్నిటినీ మోయాల్సింది అడుగున ఉన్న అరంగుళం బన్ను. బన్ను లోపలి వైపుని ఎర్రగా కాల్చేది రుచికే కాదు, ఆ కాలిన పొర తడిని కాసేపు ఆపుతుంది. దాని మీద పల్చగా రాసిన మయొనీజ్‌లో నూనె ఎక్కువ కాబట్టి అదీ కాస్త అడ్డుపడుతుంది. ఈ రెండు కాపలాలూ కొద్ది నిమిషాలే. మీరేమో ఫొటో తీసి, వాట్సాప్‌లో పెట్టి, బాబుకి కుర్చీ తెచ్చి, అప్పుడు మొదలుపెడతారు.

తర్వాత చల్లబడుతుంది. పొయ్యి మీంచి వచ్చిన ప్యాటీ మీద ఫ్రిజ్‌లోంచి వచ్చిన గుప్పెడు ఆకు, రెండు టమాటా చక్రాలు, పచ్చి ఉల్లిపాయ పేరిస్తే వేడి మొత్తం వాటికే పోతుంది. చీజు కరిగినట్టే కరిగి మళ్లీ గట్టిపడుతుంది. అన్నట్టు ఆ పసుప్పచ్చ అమెరికన్ చీజుని ప్లాస్టిక్ అని వెక్కిరించకండి. బాగా ముదిరిన చెడ్డార్ వేడికి నూనె కక్కుతుంది. దీంట్లో కలిపే ఒక రకం ఉప్పుల వల్ల నూనే నీళ్లూ విడిపోకుండా ప్యాటీని పట్టుకుని జారుతుంది. జున్నుగా అది గొప్పది కాకపోవచ్చు, బర్గర్ మీద మాత్రం దాని పని అది చేస్తుంది.

మూడోది అసలు నష్టం, తీపి. కెచప్ ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. బార్బెక్యూ సాసు తియ్యన, రెలిష్ చాలామటుకు తియ్యన, మగ్గిన ఉల్లిపాయ సహజంగానే తియ్యన. వీటన్నిటినీ కలిపి వేయించుకుని ఆపైన “చప్పగా ఉంది, కారం లేదు” అంటారు. కారం ఉంది అన్నయ్యా, మీరు అడిగిన ఆ హాలపీన్యోలు అందులోనే ఉన్నాయి. పాకంలో పడి ఊపిరాడక ఉన్నాయి.

ఏది దేనితో కలపాలో పెళ్లి భోజనంలో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. విస్తరిలో పప్పు, ఆవకాయ, పులిహోర, దప్పళం, బూరె, పెరుగు అన్నీ ఉంటాయి. అన్నీ తింటారు. అన్నిటినీ ఒక్క ముద్దలో కలిపి తినరు. పప్పన్నంలో ఆవకాయ నంజుకుంటారు, బూరెకి నెయ్యి వేయించుకుంటారు, పెరుగన్నం వచ్చేసరికి దప్పళం ఊసెత్తరు. బర్గర్ ఒక్క ముద్ద. అందులో ఏ జత పడుతుందో చూసుకుంటే చాలు.

ఆ బోర్డు మీద నిజానికి మూడు వేర్వేరు బర్గర్లు రాసి ఉన్నాయి, మీరు మూడింటినీ ఒకే బన్నులో కూరుస్తున్నారు. ఒకటి చలవ బర్గర్: లెట్యూస్, టమాటా, పచ్చి ఉల్లిపాయ, మయొనీజ్. ఇందులో కెచప్ వద్దు, టమాటా పులుపు చాలు. రెండోది వేపుడు బర్గర్: వేయించిన పుట్టగొడుగులు, వేయించిన ఉల్లిపాయ, చీజు. ఇందులోకి ఆకూ టమాటా రాకూడదు. స్టేక్ సాసు ఉంటే ఒక చుక్క, అంతే. మూడోది మన నాలుకకి నప్పేది, పులుపూ కారమూ. పికిల్స్, హాలపీన్యో, మస్టర్డ్, కింద కాస్త చీజు. చాలామంది మనవాళ్లు మస్టర్డ్ అనగానే మొహం చిట్లిస్తారు, ఎందుకో నాకెప్పుడూ అర్థం కాదు. అది ఆవపిండి, వెనిగర్, ఉప్పు. ఆ పసుపు రంగు మన పసుపుదే. ఆవకాయ తిని పెరిగిన జాతి ఆవపిండిని కాదని చక్కెర నీళ్ల కెచప్ వెంట పడడం నాకు నచ్చదు. నన్ను మెనూ రాయమంటే కెచప్‌ని ఫ్రైస్ దగ్గరే కట్టేస్తాను.

మాంసం సంగతి కూడా చెప్పుకోవాలి. ఫైవ్ గైస్‌లో ఉత్త ‘హ్యాంబర్గర్’ అంటేనే రెండు ప్యాటీలు. ఒకటి చాలంటే ‘లిటిల్’ అనాలి. మీరు పేరు చూసి చిన్నది పిల్లలకనుకుని, మీకు పెద్దది చెప్పి, సగం కాగితంలో చుట్టి వదినగారి చేతికిస్తారు. చాలా చోట్ల పౌను లెక్కలో అమ్ముతారు, మూడో వంతు, అర పౌను అని. అది వండక ముందు తూకం. అర పౌనంటే పచ్చి మాంసం దాదాపు 225 గ్రాములు, అది ఒక మనిషికి ఎక్కువే. మందపాటి ప్యాటీలు చేసే కొట్లలో ఎంత కాల్చమంటారని అడుగుతారు. స్టేక్ తినేవాళ్ల మాట విని మీడియం రేర్ అనేయకండి. స్టేక్‌లో క్రిములు పైపైనే ఉంటాయి, పైన కాలితే పోతాయి. కీమా కొట్టినప్పుడు పైది లోపలికి కలిసిపోతుంది. అందుకే ఇక్కడి వ్యవసాయ శాఖ బీఫ్ కీమా లోపల 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా, చికెన్, టర్కీ అయితే 165 దాకా ఉడకాలంటుంది. రంగు చూసి చెప్పలేం. పల్చటి ప్యాటీల కొట్లలో ఈ ప్రశ్నే రాదు, పూర్తిగా కాల్చే ఇస్తారు. పల్చటి ప్యాటీ అందం పైన పట్టే ఆ ముదురు గోధుమ రంగు పొరలో ఉంటుంది.

బీఫ్ తినని వారైతే ఆ మాట మొట్టమొదట చెప్పండి, ఆరు టాపింగులు చెప్పాక కాదు. హాట్ డాగ్ తీసుకుంటే సరిపోతుందనుకుంటారు, ఇక్కడ అది చాలా చోట్ల బీఫే. శనివారం మాంసం ముట్టని వారి కష్టం నాకింకా బాగా తెలుసు, ఎందుకంటే అందరూ కలిసి బయటికొచ్చేది సరిగ్గా శనివారమే. దారులున్నాయి. ఫైవ్ గైస్‌లో ప్యాటీ లేకుండా కూరలతో వెజ్జీ శాండ్‌విచ్ ఇస్తారు, చీజు కూడా వేయించుకోవచ్చు. ఇన్-ఎన్-అవుట్ కొట్లలో గ్రిల్డ్ చీజు అంటే బన్నులో చీజూ కూరలూ పెట్టిస్తారు. ఇంకొన్ని చోట్ల సోయాతో చేసిన ఇంపాసిబుల్, బఠానీ ప్రోటీన్‌తో చేసిన బియాండ్ ప్యాటీలు దొరుకుతాయి. అయితే ప్యాటీ శాకాహారం అయినంత మాత్రాన పొయ్యి శాకాహారం కాదు. 2019లో బర్గర్ కింగ్ ఇంపాసిబుల్ వాపర్ తెచ్చినప్పుడు, మాంసం కాలే చోటే దాన్నీ కాలుస్తున్నారని ఒక వీగన్ కోర్టుకెక్కాడు. మీకు పట్టింపు ఉంటే వేరే పెనం ఉందా అని అడగండి, ఉంటే వాడతారు. గుడ్డు కూడా తినని అమ్మమ్మ వెంట ఉంటే మయొనీజ్, ర్యాంచ్, గులాబీ రంగు స్పెషల్ సాసులు, బ్రియోష్ బన్ను నాలుగింటినీ పక్కన పెట్టించండి. వాటిలో చాలామటుకు గుడ్డు ఉంటుంది. ‘అన్నీ వేసెయ్’ అన్న మీ మాట ఆవిడ బర్గర్‌కి కూడా వర్తించిన రోజున నేను వెనకే ఉన్నాను. ఆవిడ తింటూ “ఇదేదో కమ్మగా ఉందిరా” అంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఉల్లిపాయ నచ్చకపోతే నచ్చదని చెప్పండి, అలర్జీ అని చెప్పకండి. ఆ మాట వినగానే లోపల మనిషి గ్లవ్స్ మార్చాలి, చాకు మార్చాలి, బల్ల తుడవాలి, వెనకున్న ఆర్డర్లన్నీ ఆగాలి. ఇంత తతంగం చేయించుకుని ఆ తర్వాత ఉల్లిపాయ చక్రాల వేపుడు తెప్పించుకుని తింటే, రేపు నిజంగా అలర్జీ ఉన్న పిల్లవాడు వచ్చినప్పుడు ఆ మనిషి ఎంత నమ్ముతాడు? నువ్వుల అలర్జీని ఇక్కడ చట్టం ముఖ్యమైన తొమ్మిదింటిలో చేర్చింది, 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద రాయాల్సిందే. బర్గర్ బన్ను మీద నువ్వులు ఎంత మామూలో మీకు తెలుసు. వేరుసెనగ నూనెలో ఫ్రైస్ వేయించే కొట్లూ ఉన్నాయి, ఫైవ్ గైస్ అలాంటిదే. ఈ మాటలు ప్రాణాలకు సంబంధించినవి, చవగ్గా వాడకూడదు.

ఇప్పుడు లైను. మీరు పావుగంట నుంచి అందులోనే ఉన్నారు, బోర్డు తలెత్తితే కనిపిస్తూనే ఉంది. అయినా కౌంటరు ముట్టుకున్నాకే మీ ఇంట్లో సభ మొదలవుతుంది. “చిన్నూ, నీకు పికిల్స్ కావాలా? పికిల్స్ అంటే మన పచ్చడి కాదు నాన్నా, దోసకాయ... ఏమోయ్, నీకు ఉల్లిపాయ పచ్చిదా వేయించిందా?” వదినగారు కూర్చోవడానికి చోటు పట్టడానికి ఎప్పుడో వెళ్లిపోయారు. కాబట్టి ఫోను. ఆవిడ ఎత్తరు. మీరు లైను దాటి వెళ్లి అడిగొస్తారు, “వన్ మినిట్” అని వేలు చూపించి. ఆ వేలు నేను మరిచిపోలేను.

కౌంటరు ఇవతల ఇది ఒక నిమిషమే, అవతల లెక్క వేరు. కొన్ని కొట్లలో డబ్బులు పుచ్చుకునే మనిషి ముందే ఎన్ని ప్యాటీలో పొయ్యి దగ్గరికి కేకేసి చెప్తాడు, అవి పెనం మీద పడిపోతాయి. ఆ తర్వాత మీరు మూడోదాన్ని వెజ్ చేయమంటే పడ్డ ప్యాటీ వెనక్కి రాదు. అందుకే ముందు మొత్తం ఎన్ని, అందులో మాంసం ఎన్ని, వెజ్ ఎన్ని అన్నది చెప్పెయ్యండి. ఆ తర్వాత ఒక్కో బర్గర్‌నీ పూర్తిగా ముగించి రెండోదానికి వెళ్లండి. ముందు పిల్లలవి. పిల్లలకి ఉత్త చీజు బర్గర్ చెప్పండి చాలు, వాళ్లు ఎలాగూ ఆకు తీసి పక్కన పెడతారు. రెండు బర్గర్లు ఒకేలా కావాలంటే “సేమ్” అంటే సరి, మళ్లీ మొదటి నుంచి పాఠం అప్పజెప్పక్కర్లేదు. నాలుగోది చెప్తూ, “ఆ మొదటిదాంట్లో టమాటా తీసెయ్” అంటే ఆ పిల్ల తెర మీద పైకి జరిపి వెతుక్కోవాలి. వెతుక్కుంటుంది, నవ్వుతూనే. ఆ నవ్వుకి మీరిచ్చే టిప్పు నేను చూశాను, దాని గురించి ఇక్కడ రాయను.

ఇంటికి పట్టుకెళ్లేట్టయితే ఇంకోటి. వేడి బర్గర్‌ని ఫాయిల్‌లో చుడితే లోపల ఆవిరి తిరుగుతుంది, బన్ను మెత్తబడుతుంది. మీ ఇల్లు ఇరవై నిమిషాల దూరమైతే లెట్యూస్, టమాటా, సాసులు విడిగా పెట్టమనండి. దారిలో పొట్లం కాస్త తెరిచి ఉంచండి. కారంతా వాసన వస్తుంది, రానివ్వండి.

ఇంత రాశాక మీకేదైనా ఒకదాంట్లో ‘అన్నీ’ అనే అవకాశం ఇవ్వకపోతే బాగుండదు. ఫ్రైస్. అవి ఫైవ్ గైస్‌లో కప్పు నింపి, ఆపైన సంచీలోకి ఇంకో గరిటె ఒంపుతారు. నలుగురికి నాలుగు పెద్దవి చెప్పకండి, చిన్నది ఒకటో రెండో చెప్పండి. వాటి మీద కెచప్ పోసుకుంటారో, హాట్ సాసు చల్లుకుంటారో, రెండూ కలుపుకుంటారో, మీ ఇష్టం. బర్గర్ మీద వద్దన్నవన్నీ అక్కడ ముంచుకు తినండి, నేను ఒక్క మాట అనను.

ఇట్లు,
మీ వెనక నిలబడ్డ తమ్ముడు

తా.క.: హాలపీన్యోలు ఎంత కారమో తెలియకపోతే చిన్న కప్పులో విడిగా అడగండి, మామూలుగా ఇస్తారు. డబ్బులు కట్టాక కొంచెం ఎడమ పక్కకి జరగండి, నాకు బోర్డు కనిపించడం లేదు.